ఎన్ని పొయ్యిలు?

రెండో రోజు పొద్దున కూడా ముసలమ్మ మంచం పక్కన రెండు కంచాలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఒకటి స్టీలు కంచం, చిన్నకోడలిది. రెండోది అంచు సొట్టపోయిన సత్తు కంచం, పెద్దకోడలిది. రెండిట్లోనూ అన్నం మీద పొర కట్టింది. ఈగలకు మాత్రం పక్షపాతం లేదు. ఇందులో కాసేపు, అందులో కాసేపు వాలుతున్నాయి.

"నువ్వు నాకంటే ముందు తెచ్చి పెట్టావు. అందుకే ముట్టుకోలేదు," అంది చిన్నకోడలు గుమ్మానికి ఆనుకుని. "నాదొక్కటే ఉంటే ఈపాటికి తిని పడుకునేది."

"అత్తకి ముద్ద పెట్టాలంటే నీ దగ్గర చీటీ తీసుకోవాలా నేను?"

"అలా అన్నానా అక్కా? మా అత్త సంగతి నాకు తెలుసు అంటున్నా."

"మీ అత్త ఎప్పట్నించి అయింది? నాకేమవుతుంది మరి, పక్కింటావిడా?"

"ఎవరికేమవుతుందో మధ్యాహ్నం లెక్కలాయన రాసుకుని పోతాడుగా. అప్పుడు చూసుకుందాం."

చిన్నకోడలు ఆ మాట నవ్వులాటకే అంది. కానీ నవ్వు ఇద్దరికీ రాలేదు. గోడవైపు తిరిగి పడుకున్న ముసలమ్మ వీపు కదల్లేదు. ఆమెకు చెవుడు ఉంది గానీ అది అవసరానికి వచ్చి అవసరానికి పోయే రకం.

అత్తను వదిలించుకోవడానికి కొట్టుకున్న కోడళ్లను పెద్దకోడలు బోలెడుమందిని చూసింది. అత్త నాక్కావాలంటే నాక్కావాలని కొట్టుకునే ఇల్లు మాత్రం ఇదొక్కటే అయ్యుంటుంది. అది ప్రేమే అయితే మేళతాళాలు పెట్టి ఊరేగించాల్సిందే. ఊరు ఖాళీ చేయించే కరెంటు ప్లాంటు వాళ్లు కొత్తగా పంచిన కాగితంలో రెండు వాక్యాలున్నాయి. ఒక పొయ్యి ఒక కుటుంబం, కుటుంబానికో ఇల్లు. అరవై దాటిన మనిషి ఏ పొయ్యి మీద వండింది తింటే ఆ ఇంటికి ఒక గది ఎక్కువ.

అంతే. ముసలమ్మ ధర ఒక గది.

పెద్దకోడలు కంచాలు రెండూ తీసి పెరట్లోకి నడిచింది. చిన్నకోడలు వెనకే వచ్చింది.

"నా కంచం నేను కడుక్కుంటాలే. వేరుపడ్డవాళ్లం. ఎవరైనా చూస్తే?"

"పట్టుకో మరి."

కంచం చేతులు మారింది. ఆ స్టీలు కంచం పెద్దకోడలి పెళ్లినాటిదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు.

*

పెద్దకోడలు ఈ ఇంటికి వచ్చిన వారంలోనే గోడమీద ఎర్రరంగుతో నలభై ఏడు అంకె వేసిపోయారు. బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు వస్తోందని, పొగగొట్టాలు ఆకాశాన్ని తాకుతాయని, ఏడాది తిరిగేసరికి ఊరు ఊరంతా కొత్త ఇళ్లలో ఉంటుందని చెప్పారు. అప్పటికి ఆమె మొగుడు మేస్త్రి కొత్త పెళ్లికొడుకు. వచ్చే నెల నీకు వేరే వంటగది కడతానని భార్య చెవిలో చెప్పి, పెరట్లో ముగ్గుపిండితో గీత కూడా గీశాడు. ఆ గీత వానకు పోకముందే నోటీసు వచ్చింది. లిస్టులో ఎక్కిన ఇంటికి ఒక్క ఇటుక కలపకూడదు. అమ్మకూడదు. బావి తవ్వకూడదు.

పందొమ్మిదేళ్లయింది. ఒకసారి బొగ్గు దొరకలేదన్నారు. ఒకసారి నీళ్లు చాలవన్నారు. ఒక కంపెనీ పోయి ఇంకో కంపెనీ వచ్చింది. కోర్టు ఆపింది, కోర్టే వదిలింది. వస్తుందని అనరు, రాదని అనరు. చూపులకు వచ్చి, కాఫీలు తాగి, ఔనూ కాదూ చెప్పకుండా పందొమ్మిదేళ్లు వసారాలో కూర్చున్న పెళ్లివారిలా ఉంది వ్యవహారం. వాళ్లను లేవమనడానికి లేదు, పిల్లకు ఇంకో సంబంధం చూడ్డానికీ లేదు.

ఈ లోపల మేస్త్రి చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని ఇళ్లు కట్టాడో లెక్కలేదు. ఎవరి వంటగది ఎటు ఉండాలో, కిటికీ ఎంత ఎత్తులో పెడితే పొగ నిలవదో చెప్పి మరీ కట్టేవాడు. సాయంత్రం తన ఇంటికొచ్చి, పెచ్చులూడిన గోడకు ఆనుకుని, కాళ్లకంటిన సిమెంటు గోక్కునేవాడు. వంటగది మాటెత్తితే "చూద్దాం" అనేవాడు. మొదట్లో ఆ మాటలో ఆశ ఉండేది. తర్వాత విసుగు ఉండేది. ఇప్పుడు ఏమీ లేదు, వట్టి మాటే.

తొమ్మిదేళ్ల కిందట రెండోసారి లెక్క రాయడానికి వచ్చారు. అప్పటికి చిన్నకోడలు కూడా కాపురానికి వచ్చేసింది. ఇంట్లో ఎన్ని పొయ్యిలని అడిగితే, అరుగుమీద కూర్చున్న మామ మీసం దువ్వుకున్నాడు. "నేను బతికుండగా ఈ ఇంట్లో ఒకే పొయ్యి," అని గర్వంగా చెప్పి వేలిముద్ర వేశాడు. మరుసటి ఏడు ఆయన పోయాడు. ఆయన మంచం పోయింది, చేతికర్ర పోయింది. ఆ ముద్ర మాత్రం ఎక్కడో ఆఫీసులో చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

ఇప్పుడు మూడోసారి. అందుకే పద్నాలుగు రోజుల కిందట అన్నదమ్ములు కూర్చుని, ఎవరికీ కష్టం లేకుండా, నవ్వుకుంటూ వేరుపడ్డారు. లోపలి గ్యాస్ పొయ్యి తమ్ముడికి. ఒక ఇంటి నంబరుకు గ్యాస్ ఒకటే ఇస్తారు కాబట్టి అన్నకు వసారా చివర కట్టెల పొయ్యి. మేస్త్రి దాన్ని ఒక్క పూటలో కట్టాడు. కొత్తదిలా కనపడకూడదని కిరసనాయిలు దీపం మసి పట్టి, గుడ్డతో అద్ది, నాలుగేళ్ల వయసు తెచ్చాడు. నోట్లో నువ్వుగింజ నానని చిన్నకోడలి కూతుర్ని అమ్మమ్మగారింటికి పంపేశారు. పెద్దకోడలి కూతురు కాలేజీకి పోతోంది, దానికి చెప్పే పని లేదు. అంతా పక్కాగా చేశారు.

ముసలమ్మ ఎవరి పొయ్యిలో తింటుంది అన్నదొక్కటే ఆ రోజు అడగడం మర్చిపోయారు.

*

పది గంటలకు మేస్త్రి పనికి పోకుండా వసారాలో తిరుగుతున్నాడు. తమ్ముణ్ణి ఊరంతా కరెంటు అని పిలుస్తుంది. మోటార్లు బాగుచేస్తాడు, ఇళ్లకు వైరింగు వేస్తాడు. అతను గడప లోపల స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా గడప.

"ఏమడిగినా మొహం గంటుపెట్టుకుని చెప్పాలి," అన్నాడు మేస్త్రి. "వేరుపడ్డవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసి నవ్వరు."

"నవ్వేది నువ్వే అన్నా. నిన్న టీకొట్టు దగ్గర నా కప్పుకి కూడా నువ్వే చెప్పావు. వాడు చూశాడు."

"అలవాటురా."

"అలవాట్లు మానుకో. ఇంకోటి. అమ్మ మా వైపు తింటోందని చెప్తా."

మేస్త్రి తిరగడం ఆపాడు. "ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరు చెప్పేదేముంది? అమ్మ పడుకునేది లోపలి గదిలో. లోపలి గది మాది. వసారా నీది. అమ్మ వసారాలోకి వచ్చి తింటోందంటే ఎవడు నమ్ముతాడు?"

"లోపలి గది నీదని రాసిచ్చారా ఎవరన్నా? మొన్న మాట వరసకి అనుకున్నాం."

"అన్నీ మాట వరసకేగా అన్నా అనుకున్నాం. మనం వేరుపడింది కూడా."

"ఒరేయ్, మా పిల్ల ఈడుకొచ్చింది. వసారాలో పడుకుంటోంది. ఒక గది ఎక్కువొస్తే దానికొక తలుపుంటుంది."

"మాకు మాత్రం పిల్ల లేదా? అదెప్పటికీ నాలుగేళ్లదే ఉంటుందా? ఈ ప్లాంటు వచ్చేసరికి దానికి పెళ్లీడొస్తుంది."

మేస్త్రికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. తమ్ముడు ఆపుకోలేదు, ఎందుకంటే అతనికి రాలేదు.

"నాన్న పోయిన ఏడాదంతా అమ్మను ఆస్పత్రులకు తిప్పింది ఎవరు అన్నా?"

"బండి నీకుంది కాబట్టి నువ్వు తిప్పావు."

"బండి ఉంది కాబట్టే తిప్పానా?"

పొయ్యి మీద పెద్దకోడలు పెట్టిన ఎసరు కుతకుతమంటోంది. లోపల గ్యాస్ మీద చిన్నకోడలు పెట్టిన ఎసరు కూడా. ఒకే బియ్యం బస్తాలోంచి తీసిన బియ్యం, గోడకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఉడుకుతున్నాయి.

"పద్నాలుగు రోజులు బాగా నేర్చుకున్నావురా," అన్నాడు మేస్త్రి చివరికి. "ఈ కోపం లెక్కలాయన వచ్చినప్పుడు కూడా చూపించు. సరిపోతుంది."

"నేను చూపించడం లేదన్నా," అన్నాడు కరెంటు.

పెద్దకోడలు కట్టెలు లోపలికి తోసింది. వింటూనే ఉంది, తలెత్తలేదు. అన్నదమ్ముల మధ్య ఇలాంటి మాటలు పడితే ఆమె గుండె దడదడలాడాలి. కానీ ఇవాళ ఆమె మనసు కూర మీదుంది. ఉప్పు వేసి, గరిటెతో కాస్త అరచేతిలో పోసుకుని చూసింది. ఇంకో చిటికెడు పడుతుంది. వేసింది.

ఆ చిటికెడు వేసేటప్పుడు ఎవరివైపూ చూడలేదు. పందొమ్మిదేళ్లలో ఈ పద్నాలుగు రోజులే ఇలా. పెళ్లయినప్పుడు ఉప్పు అత్త చేతిలో ఉండేది. అత్తకు చెయ్యి వణకడం మొదలయ్యాక, చిన్నకోడలి నోటికి చప్పగా ఉండాలని, మరిదికి బీపీ అని, పిల్లకు కారం పడదని, అందరి నాలుకలూ కలిసి గరిటె పట్టుకునేవి. మొదటిరోజు ఈ కట్టెల పొయ్యి ముందు కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే మేస్త్రి జాలిపడి, "కొన్నాళ్లు ఓర్చుకో, అబద్ధపు పొయ్యేగా," అన్నాడు. ఆమె పొగ వల్లే అనుకోనిచ్చింది.

*

పన్నెండు కావస్తుంటే పెద్దకోడలు లోపలికి వెళ్లి మంచం కోడు దగ్గర కూర్చుంది. చిన్నకోడలు వీధి చివరిదాకా చూసి రావడానికి పోయింది.

"అత్తా."

వీపు కదల్లేదు.

"వినపడుతోందని నాకు తెలుసు."

"తెలిస్తే అడగడం దేనికి, చెప్పు."

"ఆయన వచ్చి అడుగుతాడు. పెద్దదాని పొయ్యిలో తింటున్నానని ఒక్క మాట చెప్పు. నీ మనవరాలికి గది వస్తుంది."

"చిన్నది కూడా ఇదే అడిగింది పొద్దున్నే. అది కాళ్లు కూడా ఒత్తింది. నీకు ఆ బుద్ధీ పుట్టలేదు."

"ఒత్తమంటే ఒత్తుతా."

"వద్దులే. చేతులకి మసి."

పెద్దకోడలు చేతులు చీరకు తుడుచుకుంది. ముసలమ్మ ఇటు తిరిగింది. రెండురోజులు తిండిలేని మనిషి మొహంలా లేదు. కళ్లు నిక్కచ్చిగా ఉన్నాయి.

"ఒక సంగతి చెప్పు. వసారాలోది అబద్ధపు పొయ్యేనా నీకు?"

పెద్దకోడలు గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

"నాటకం అయిపోయాక మళ్లీ లోపలికొచ్చి వండాలి కదా," అంది ముసలమ్మ. "వస్తావా?"

పెద్దకోడలు గోళ్లలో మసి గీక్కుంది.

"రాలేనత్తా," అంది పెద్దకోడలు. అన్నాక తనకే భయమేసింది. "ప్లాంటు వచ్చినా రాకపోయినా. ఇంక రాలేను. ఈ మాట ఆయనకి కూడా చెప్పలేదు."

ముసలమ్మ కోప్పడుతుందనుకుంది. ముసలమ్మ పైకప్పు కేసి చూస్తూ పడుకుంది.

"యాభై ఏళ్లు వండాను," అంది తర్వాత. "ఉప్పు మాత్రం మీ మామ చెప్పినంతే. ఒకే పొయ్యి, ఒకే పొయ్యి అని మీసం దువ్వుకునేవాడు. ఆ పొయ్యి ముందు ఒక్కరోజు కూర్చోలేదు మహానుభావుడు."

వీధిలోంచి చిన్నకోడలు పరిగెత్తుకుంటూ వచ్చింది. "వస్తున్నాడు. పక్కింట్లో ఉన్నాడు. అక్కా, నువ్వు ఇక్కడేం చేస్తున్నావు? నీ వైపు పో."

*

లెక్కలాయన నిజంగానే లెక్కల మాస్టారు. ఎక్కడో బళ్లో పాఠం చెప్పుకునే మనిషిని పట్టుకొచ్చి ఈ పనిలో పడేశారు. గొడుగు మడిచి, అట్టపుస్తకం ఒళ్లో పెట్టుకుని అరుగుమీద కూర్చునేసరికి, ఇద్దరు కోడళ్లూ రెండు గ్లాసులతో నీళ్లు తెచ్చారు.

ఆయన రెండు గ్లాసులూ చూశాడు. "ఎవరి నీళ్లు తాగితే వాళ్ల వైపు రాశానంటారు. నా సీసా నాకుందమ్మా." సీసా మూత తీసి తాగి, మూతి తుడుచుకుని అడిగాడు. "ఎన్ని పొయ్యిలు?"

"రెండు," అన్నారు నలుగురూ ఒకేసారి.

"వేరుపడ్డవాళ్లు ఇంత శ్రుతిలో జవాబు చెప్పడం ఇప్పుడే వినడం," అన్నాడాయన. "ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు," అన్నాడు మేస్త్రి మొహం గంటుపెట్టుకుని.

"మూడు," అన్నాడు కరెంటు అదే క్షణంలో.

"మూడు నిండి నాలుగోది నడుస్తోంది," అంది చిన్నకోడలు.

లెక్కలాయన లేచి వసారా చివరికి వెళ్లాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, దాని అంచులు తడిమాడు. నున్నగా ఉన్నాయి. చూపుడువేలితో మసి గీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత చుట్టూ చూసి మేస్త్రి చేతులకంటిన సిమెంటు మీద చూపు ఆపాడు.

"బాగా కట్టావయ్యా. రసమట్టం పెట్టి చూసినా వంక దొరకదు."

మేస్త్రి మొహం విచ్చుకుంది. ఎంతైనా పనిమంతుడు. "వాలు కూడా చూడండి. బూడిద దానంతటదే ముందుకొస్తుంది," అన్నాడు.

పెద్దకోడలు కళ్లు మూసుకుంది.

"అదే చెప్తున్నా. ఇది మేస్త్రి కట్టిన పొయ్యి. వండుకునే మనిషి కట్టుకున్నది కాదు. నోరు వీధివైపు పెట్టావు, గాలి కొడితే మంట వండేవాళ్ల మొహం మీదికి వస్తుంది. నాలుగేళ్లు వండిన ఆడమనిషి నాలుగో రోజే నోరు తిప్పించుకునేది." వేలు చూపించాడు. "ఇది కట్టెల మసి కాదు. కిరసనాయిలు కంపు కొడుతోంది. ఈ ఊళ్లో నేను చూసిన ఇలాంటి రెండో పొయ్యిల్లో ఇది ముప్పయ్యారోది. అన్నీ ఇదే కంపు."

లెక్కలాయన పాత పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టాడు. నల్లబడిన ఒక వేలిముద్ర.

"మీ నాన్నదేగా? దీని తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డామంటే ఒప్పుకోవద్దని పైనుంచి రాశారు. అందరికీ ఇదే తెలివి వచ్చింది మరి. ఒకే పొయ్యి. ఒకే ఇల్లు. ఇంట్లో పెద్దావిడ ఉంది కాబట్టి ఒక గది ఎక్కువ. సరేనా?"

కరెంటు గోడకు తల ఆనించాడు. చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది. ఆ చూపులో ఓటమి ఉంది గానీ పొద్దుటి పోరు లేదు. అందరం మళ్లీ ఒకచోటే, పోనీలే అన్నట్టుంది. పెద్దకోడలికి ఆ చూపు అందలేదు. లోపలి గ్యాస్ పొయ్యి, దాని ముందు జానెడు చోటు, అందరి నాలుకలూ కలిసి పట్టుకున్న గరిటె కళ్ల ముందు ఆడుతున్నాయి. ఆ చోట ఇంకో పందొమ్మిదేళ్లు.

"నా పొయ్యి రాసుకోలేదేం నాయనా?"

ముసలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోకుండానే.

"అమ్మా, నువ్వు పడుకో," అన్నాడు మేస్త్రి.

"పడుకునే ఉన్నాగా ఇన్నాళ్లూ. రా నాయనా, చూపిస్తా."

గోడ పట్టుకుని పెరటి వెనక్కి నడిచింది. స్నానాల గది వెనకాల, ఎవరూ పోని మూల, మూడు ఇటుకలు. మధ్యలో బూడిద, ఇంకా వెచ్చగా. పక్కన మూతపెట్టిన చిన్న గిన్నె, అడుగున ఎండిపోయిన గంజి. ఇటుకల లోపలివైపు కట్టెల మసి పట్టి ఉంది. లెక్కలాయన వంగి వేలు పెట్టాడు, వాసన చూశాడు, తలూపాడు.

"రెండురోజుల్నించీ తినడంలేదని మేమిక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటే..." అంది చిన్నకోడలు. "పొగైనా కనపడలేదే అత్తా."

"మీరిద్దరూ చెరోవైపూ పొగ పెట్టుకుంటుంటే నా పొగ ఎవరికి కనపడుతుందే?"

"బియ్యం?"

"నీ డబ్బాలోంచి గుప్పెడు. దాని డబ్బాలోంచి గుప్పెడు. నాకు పక్షపాతం లేదు." ముసలమ్మ ఇటుకల పక్కన కూలబడి కూర్చుంది. "రెండురోజులు నా ఉప్పు నేను వేసుకున్నా. కాస్త ఎక్కువైంది. అయినా తిన్నా."

లెక్కలాయన ముక్కు మీదికి జారిన కళ్లజోడు సర్దుకున్నాడు. "భర్త పోయిన మనిషి విడిగా వండుకుంటుంటే అది వేరే కుటుంబం. దానికి పాత ముద్ర అడ్డురాదు. రూలు ఉంది." పుస్తకంలో కొత్త పేజీ తీశాడు. "ఈ ఇంట్లో నేను చూసిన నిజం పొయ్యి ఇది. రాస్తా. అయితే గది కూడా ఈ పొయ్యితోనే వస్తుంది. వాళ్లకి రాదు."

అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. పద్నాలుగు రోజుల తర్వాత ఇద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి.

"నీతో ఇంకెవరైనా తింటున్నారా అమ్మా?"

ముసలమ్మ నలుగురినీ చూసింది. తొందరపడలేదు.

"పెద్దకోడలు," అంది. "దాని కూతురు."

పెద్దకోడలు మనసులో లెక్కేసుకుంది. కొత్త ఇల్లు. ఒక వంటగది, తలుపున్న గది. ఉప్పు డబ్బా తన చేతికందేచోట. అత్త పొయ్యి అన్నది పేరుకేగాని, వణికే చేతులతో అత్త ఎన్నాళ్లు వండుతుంది?

"అలాగైతే నేనూ అందులోకే వస్తాగా," అన్నాడు మేస్త్రి తేరుకుని. "నా పెళ్లాం, నా పిల్ల, మా అమ్మ."

"నువ్వొస్తే అది కొడుకు పొయ్యి అవుతుంది. అప్పుడు మళ్లీ మీ నాన్న ముద్ర దగ్గరికే పోతాం. నువ్వు తమ్ముడి పొయ్యి. ఆడవాళ్లు ముగ్గురూ ఈ పొయ్యి." లెక్కలాయన పెద్దకోడలి వైపు తిరిగాడు. "ముందే చెప్తున్నా తల్లీ. రాసుకున్నాక మళ్లీ వచ్చి చూస్తారు. చెప్పి రారు. ఎవరి పొయ్యి దగ్గర వాళ్లే తింటూ కనపడాలి. ఒక్క ముద్ద అటుదిటు అయినా రెండు పొయ్యిలూ కొట్టేస్తారు. ప్లాంటు కట్టేదాకా ఇంతే."

"ఎప్పుడు కడతారు?"

"నేను లెక్కల మాస్టారిని. జాతకాలు చెప్పను. రాయమంటావా?"

పెద్దకోడలు భర్త వైపు చూడలేదు. చూస్తే ఆ మాట రాదని తెలుసు.

"రాయండి," అంది.

చిన్నకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. లెక్కలాయన కాసేపు రాసుకుంటూ పోయి, ఒక గడి దగ్గర ఆగాడు. పుస్తకాన్ని పెద్దకోడలి వైపు తిప్పి కలం ఇచ్చాడు.

"చదువొచ్చుగా? భర్త బతికుండి వేరే పొయ్యిలో తింటుంటే ఇక్కడ ఒకే మాట రాయాలి. 'విడిపోయాం' అని. అది నేను రాయకూడదు. నువ్వే రాసి సంతకం పెట్టాలి."

పెరట్లో గాలి కూడా లేదు. కలం ఆమె వేళ్ల మధ్య ఉంది. ఇప్పుడు తలెత్తి మేస్త్రిని చూసింది. వద్దంటాడేమో. నవ్వులాటకైనా కోప్పడతాడేమో. ఆలోచించుకుంటాం, రేపు రండి మాస్టారూ అంటాడేమో. కనీసం చూద్దాం అంటాడేమో.

"రాసెయ్," అన్నాడు మేస్త్రి. "కాగితమేగా. గదొస్తుంది."

రెప్ప వేసేంతసేపు కూడా పట్టలేదు అతనికి.

ఆమె రాసింది. అక్షరాలు గుండ్రంగా, తప్పులేకుండా వచ్చాయి. సంతకం పెట్టింది.

"పక్కన తేదీ వెయ్యాలమ్మా," అన్నాడు లెక్కలాయన. "ఎప్పుడు విడిపోయారో."

"ఓ నాలుగేళ్ల కిందటిది ఏదో ఒకటి వెయ్యి," అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. "నమ్మేట్టుంటుంది."

పెద్దకోడలు ఆ గడి మీదే కలం ఆనించి ఉంచింది. తర్వాత లెక్కలాయన వైపు తిరిగింది.

"ఇవాళ తేదీ ఎంత మాస్టారూ?" అంది.